మల్లేశ్ ఒప్పుకున్న తప్పు

ఈ ఉదయం మా స్టోర్‌లో ఒక డ్రిల్లింగ్ మెషీన్ కనపడలేదు. వెతకడం అయ్యాక చేతులకు స్పిరిట్ రాసుకుంటుంటే ఆ వాసనకు సుగుణక్క గుర్తొచ్చింది. నేను ఈ అరబ్బు దేశానికి కొత్తగా వచ్చి, సహం అనే ఊళ్లో కూలీగా ఉన్న రోజుల్లో మా రూమ్‌కు రెండు వీధుల అవతలి క్లినిక్‌లో ఆమె నర్సు. భీమవరం వైపు మనిషి. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థనకు వెళ్లివస్తూ మా గుమ్మం ముందు ఆగి, ఎవరికి జ్వరం, ఎవరికి ఇంటి బెంగ అని అడిగి, మాత్రలతో పాటు నాలుగు చీవాట్లు కూడా పెట్టి పోయేది. ఆమె చనిపోయిందని కబురొచ్చి రెండేళ్లయింది. ఆమెతో మొదలైన వాదన మాత్రం నాలో ఇంకా తెగలేదు.

మా సైట్‌లో ఒక పద్ధతి ఉండేది. ఏది విరిగినా, ఏది పోయినా ఫోర్‌మన్ అరుస్తాడు. మాలో ఒకడు తల వంచుకుని "గల్తీ మేరా సాబ్" అని తప్పు తనమీద వేసుకుంటాడు. ఫోర్‌మన్ ఇంకో రెండు తిట్టి వెళ్లిపోతాడు, పని మొదలవుతుంది. అసలు ఎవరు చేశారన్నది ఎవరికీ అక్కర్లేదు. ఇందులో మా రూమ్ మల్లేశ్‌ది అందె వేసిన చేయి. ఒకరోజు సైట్‌లో రాగి వైరు చుట్టలు పోయాయి. పోలీసులు అరబ్బు సూపర్‌వైజర్‌నూ మల్లేశ్‌నూ పిలిచారు. సూపర్‌వైజర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి అడిగి గంటలో పంపేశారు. నిలబడే ఉన్న మల్లేశ్, అలవాటు కొద్దీ, గల్తీ మేరా సాబ్ అన్నాడు. వాళ్లు అరబ్బీలో రాసుకున్నారు, వాడు వేలిముద్ర వేశాడు, లోపల పెట్టారు. తమాషా ఏమిటంటే, వైరు పోయిన ఆ మధ్యాహ్నం వాడు జ్వరంతో సుగుణక్క క్లినిక్‌లో సెలైన్ పెట్టించుకుని పడుకున్నాడు!

నేను మండిపడుతూ ఆమె దగ్గరికి పరుగెత్తాను.

"మన మొకాలు సూసే దొంగలంటరక్కా. ఆయనకు కుర్సీ ఏసిండ్రు, మనోన్ని నిలవెట్టిండ్రు."

"ఊరుకోవయ్యా శీనూ! వాళ్లేమన్నా కొట్టారా, తిట్టారా? మీవాడే ఒప్పేసుకుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?"

"వానికి అరబ్బీ రాదని తెల్వదా? తెలుగొచ్చినోన్ని పిలువొద్దా?"

ఆమె డాక్టరును అడిగి, క్లినిక్ రిజిస్టర్ చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, డ్యూటీ దుస్తుల్లోనే స్టేషన్‌కు బయల్దేరింది.

అక్కడి అధికారి నిజంగా పెద్దమనిషి. మాకు వాళ్ల కాఫీ, ఖావా పోయించాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పిందంతా ఓపిగ్గా విని, రిజిస్టర్ చూసి, మల్లేశ్‌ను పిలిపించాడు. ఆమె తెలుగులో అడిగి చెబుతుంటే మొదటి నుంచి మళ్లీ రాయించాడు. "ఆసుపత్రిలో ఉన్నానని ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఆశ్చర్యపోయాడు. ఆమె ఆ మాటే తెలుగులో అడిగితే మల్లేశ్ "ఎవలడిగిండ్రక్కా?" అన్నాడు. మర్నాడు వాణ్ని వదిలేశారు.

స్టేషన్ నుంచి తిరిగొస్తుంటే నా కోపం సగం చల్లారింది. "నువ్వన్నదే నిజమక్కా. మంచోడే ఆయన" అన్నాను. ఆమె సంతోషించలేదు. నడుస్తున్నదల్లా ఆగింది.

"మంచోడే. అందుకే నాకు భయమేస్తోంది. ఆ రోజు వీడికి జ్వరం రాకపోయుంటే? ఇంత మంచోళ్ల చేతుల్లోనే జైలుకి పోయేవాడు కదా?"

ఆమె మాట నాకొచ్చింది, నా మాట ఆమెకు పోయింది. ఆ తర్వాత ఎప్పుడు మాట్లాడుకున్నా అలా పక్షాలు మార్చుకుంటూనే ఉన్నాం. చెడ్డవాడు ఒక్కడూ లేకుండా అన్యాయం ఎలా జరుగుతుందో నా బుర్రకెక్కేది కాదు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఉక్కిరిబిక్కిరయ్యేవాణ్ని.

ఇప్పుడు నేను ఈ దేశంలోనే అజైబా అనే చోట స్టోర్ కీపర్‌ని. మావాళ్లనెవరినైనా స్టేషన్‌కు పిలిస్తే వెంట వెళ్తాను. చేయని తప్పు ఒప్పుకోవద్దని దారంతా నూరిపోస్తాను. సుగుణక్క పని నేను చేస్తున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఈ ఉదయం మెషీన్ కనపడనప్పుడు స్టోర్‌లో ఆరుగురం ఉన్నాం. నేను నేరుగా వెళ్లి బంగ్లాదేశ్ నుంచి వచ్చిన స్వీపర్ కరీం సంచి తెరిపించాను. అతనిమీద నాకు కోపం లేదు, అనుమానమూ లేదు. రోజూ సలాం చెప్పుకుంటాం. సంచిలో టిఫిన్ డబ్బా, ఉతికిన చొక్కా ఉన్నాయి. మెషీన్ మా ఇంజినీరు కారులో దొరికింది. స్పిరిట్ వాసన వదలని చేతులతో, క్షమించమని అడగడానికి కరీం దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే అతను తల వంచుకుని, "గల్తీ మేరా సాబ్" అన్నాడు.