నేను మలేసియానైన రోజు

1979 ఆగస్టు, శనివారం. నంద్యాలలో మా కాలేజీ హాలు. హాజరైనవారు: ప్రిన్సిపాల్ గారు, భారత ప్రతినిధిగా నా మిత్రుడు రంగన్న, మలేసియా ప్రతినిధిగా నేను, ముఖ్య అతిథిగా ఆళ్లగడ్డలో వేరుశనగ నూనె మిల్లు నడిపే మా నాయన.

విద్యార్థులు దేశాల తరఫున వాదించే పోటీ అది. అంశం, విదేశీ సరుకుల మీద సుంకం. చీటీ తీస్తే నాకు మలేసియా వచ్చింది. కప్పు గెలవాలని పట్టుదలగా సాధన చేశాను.

"మా పామాయిలుకు తలుపులు తెరవండి. మీ మిల్లులు మూతపడితే అది మీ చేతగానితనం!" అని బల్ల గుద్దాను. హాలంతా చప్పట్లు. నాయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మొదటి బహుమతి నాకే ప్రకటించారు. వేదికెక్కి చేయి చాచాను. నాయన కప్పు వదల్లేదు.

"ఏందిరా, మన మిల్లు మూయిస్తావా?"

"అది వేషమండీ, నిజం కాదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు కంగారుగా.

"వేసమైతే మొగానికి రంగేది సార్?" అంటూ నాయన వెళ్లి కప్పు రంగన్న చేతిలో పెట్టాడు. "నువ్వు మన దేశమోడివప్పా, ఉంచుకో."

దౌత్యవేత్త తన ఇల్లు ఏ దేశంలో ఉందో మరిచిపోకూడదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆళ్లగడ్డలో అందరి పళ్లేల్లో బొరుగులకు నూనె తాలింపు పెట్టి చేసిన ఉగ్గాని, వేడి బజ్జీలు. నా పళ్లెంలో ఉత్త బొరుగులు. అమ్మ నవ్వాపుకుంటూ చెప్పింది:

"మీ దేశం నూనె ఇంగా రాలేదంట. వచ్చినాక చేసిపెట్టమన్నాడు మీ నాయన."