సముద్రానికి అడ్డం వేసిన దిమ్మెలు

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చోగానే పక్క సీటు పెద్దాయన నాది ఏ ఊరని అడిగాడు. విశాఖ అన్నాను. ఆయన ముఖం వెలిగింది.

"హార్బరు కాడ అలలకు అడ్డంగా నాలుగు కాళ్ల సిమెంటు దిమ్మెలుంటాయి, చూసినావా అప్పా? వయసులో ఆడ నేనూ పోసినా." మూడు వేళ్లు సీటుకు ఆనించి, బొటనవేలు పైకెత్తి వాటి ఆకారం చూపించాడు.

కండక్టరు టికెట్టు మిషను నొక్కుతూ నవ్వాడు. "సముద్రాన్ని ఆపినోడు సార్ ఈయన! ఎప్పుడెక్కినా ఇదే కథ." వెనక సీట్లవాళ్లూ నవ్వారు.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "పెద్ద తుపాను వచ్చె గదప్పా. అవి ఉండాయా, కొట్టుకపోయినాయా?"

ఇన్నేళ్లలో ఈ మాట అడగడానికి ఆయనకు మా ఊరివాళ్లు ఒక్కరూ దొరకలేదట.

ఇందాకటి నవ్వులు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. బస్సంతా వినేలా చెప్పాను. "ఆ తుపానుకి మా వీధిలో ఒక్క చెట్టు మిగల్లేదు. బీచి రోడ్డు కోసుకుపోయింది. మీ దిమ్మెల గోడ మాత్రం నిలబడింది. ఓడలు, క్రేన్లు, గోడౌన్లు, వాటి వెనక మా ఇళ్లు, అన్నీ దాని చాటునే ఉన్నాయి. అది లేకపోతే మా ఊరికి ఇప్పుడున్న రూపే లేదు."

"ఇన్నారా?" పెద్దాయన వెనక్కి తిరిగి అరిచాడు. "నిలబడిందంట!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆళ్లగడ్డ దగ్గరపడుతుంటే కండక్టరు వచ్చి మా ముందు సీట్లో కూర్చున్నాడు. "ఒక్కొక్క దిమ్మె ఎంత ఎత్తుంటాది పెద్దాయనా?"

పెద్దాయన లేచి నిలబడి, చెయ్యి చాచి బస్సు టాపుకు ఆనించాడు.

"ఇంగా పైకి," అన్నాడు.