నాచారంలో ఖాకీ అట్ట పుస్తకం

పిల్లలూ, మీలో చిన్నది పుణె నుంచి ఉత్తరంలో అడిగింది, అతీంద్రియవాదం, అదే ట్రాన్సెండెంటలిజం, గురించి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని. గైడుతో మాత్రం మొదలుపెట్టకమ్మా. ఆ వాదం తెచ్చిన అమెరికా వాళ్లే స్వయంగా రాసిన చిన్న వ్యాసం ఒకటి తీసుకో. పక్కన పెన్సిలు పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదువు, చాలు. వాళ్ల గురించి ఇతరులు రాసినవి ఆ తర్వాత. ఈ మాత్రం తెలుసుకోవడానికి నేను ఉప్పల్ నుంచి నాచారం వెళ్లాల్సి వచ్చింది. అదేం దూరం అంటారేమో. ఆ రోజు నాకు చాలా దూరమే.

అప్పటికి మీ అమ్మకు పది నెలలు. మీ తాతయ్య ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఉప్పల్‌లో అద్దెకుండేవాళ్లం. నేను అక్కడి బడిలో టెంపరరీ టీచరును. ఈసారి బి.ఎ. పూర్తి కాకపోతే పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని హెడ్‌మిస్ట్రెస్ చెప్పేశారు. ప్రైవేటుగా కడుతున్న పరీక్ష. ఫిలాసఫీ పేపరొక్కటే మిగిలింది, రెండుసార్లు తప్పాను. అది సోమవారం పొద్దున పదింటికి.

ఆ పేపరులో తప్పక అడిగే ఈ వాదానికి గైడులో ఆరే ఆరు లైన్లు. అంబర్‌పేట రీడింగ్ రూంలో ఉన్న ఒక్క పుస్తకంలో సరిగ్గా ఆ పేజీలే ఎవరో కోసుకుపోయారు. నాచారంలో రిటైరైన రైల్వే ఆయన ఒకరి ఇంట్లో ఆ అమెరికా వాళ్ల వ్యాసాల పుస్తకం ఉందని శనివారం సాయంత్రం తెలిసింది. ఆదివారం తెల్లారేసరికి మీ అమ్మకు జ్వరం. మీ తాతయ్య డ్యూటీలో ఉన్నారు.

పక్కింటి యాదమ్మ పిల్లను చంకనేసుకుంది. "నువ్వు పోయిరా. నల్గురిని సాకిన, నాకు తెల్వదా జరం సంగతి?"

"నాలుగింటికల్లా వచ్చేస్తాను."

"నాలుగు దాటిందంటే దవాఖానకు ఎత్తుకపోత, సూడు మరి."

ఒంటిగంట ఇరవైకి ఉప్పల్ క్రాస్‌రోడ్డు దగ్గర బస్సెక్కి హబ్సిగూడకు టికెట్ తీసుకున్నాను. పక్కన ఆకుకూరల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది.

"ఏంది బిడ్డా, గట్ల చేతులు పిసుక్కుంటున్నవ్? దవాఖానకా?"

"కాదమ్మా, పుస్తకం కోసం."

ఆమె ముందు సీటామెను పొడిచింది. "ఇన్నవా, పుస్తకం కోసమంట! సావు కబురేమో అనుకున్న."

హబ్సిగూడలో దిగాక రిక్షా దొరకలేదు. ఎండలో నడిచి, దారిలో ఇద్దరిని అడిగి, ఆ ఇల్లు చేరేసరికి రెండుంబావు.

బీరువా నిండా పుస్తకాలే. అన్నిటికీ ఒకే రకం ఖాకీ కాగితం అట్టలు, పేర్లు లేవు, వీపు మీద ఎర్ర సిరాతో నంబర్లు. ఆఫీసు ఫైళ్లలా ఉన్నాయి.

"పేర్లు కనబడితే సుట్టాలు పట్కపోతరు బిడ్డా," అన్నాడు రైల్వే ఆయన. "నంబర్లయితే ఎవ్వనికి సమజ్ కాదు." రిజిస్టరు తెరిచి వేలుపెట్టి వెతికి, నూట పదకొండు తీసి నా చేతిలో పెట్టాడు.

ఆయన భార్య చాయ్ తెచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే. "పిల్లలున్నరా?"

"పాప ఉందండీ. జ్వరం. పక్కింట్లో అప్పజెప్పి వచ్చాను."

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. చాయ్ సగం తాగి, పుస్తకం విప్పి చూడకుండానే బయటపడ్డాను.

మూడుంబావుకు హబ్సిగూడ స్టాపులో నిలబడి తెరిచాను. పేజీ నిండా రైలింజను బాయిలర్ బొమ్మలు. ఇంకో పేజీ తిప్పాను, మళ్లీ బాయిలరే. అంతలో ఉప్పల్ బస్సు వచ్చి ఆగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను.

"ఎక్కుతవా, ఎక్కవా? నీ కోసం బస్సు కూసుంటదా అమ్మా?" అన్నాడు కండక్టరు.

పొద్దున నా అరచేతికి తగిలిన పాప నుదురు గుర్తొచ్చింది. రేపటి పదిగంటలూ గుర్తొచ్చాయి. కాలు దించేశాను. బస్సు వెళ్లిపోయింది.

నాచారం దారిలో సగం నడిచాను, సగం పరుగెత్తాను. ఒక ఫ్యాక్టరీ గోడ మలుపులో ఎదురొచ్చింది ఆ భార్య, కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో ఖాకీ పుస్తకంతో.

"మొన్న వానకు తడిసినయని అట్టలు మార్చిండు. నంబర్లన్ని ఉల్టా జేసిండు. నువ్వు పోయినంక సూస్తే బాయిలర్ది లేదు."

"పేర్లు లేవు కదండీ, మీకెలా తెలిసింది?"

"దుమ్ము దులిపేది ఎవలనుకున్నవ్?" నవ్వింది. బాయిలర్ పుస్తకం లాక్కుని, రెండోది నా చేతిలో పెట్టింది. "ఉరుకు, పిల్ల ఏడుస్తుంటది."

నాలుగూ పదికి బస్సు దొరికింది. అప్పటికే నాలుగు దాటింది. యాదమ్మ దవాఖానలో ఉంటుందేమోనన్న భయానికి అక్షరాలు కనబడటంలేదు. ఊరికే పేజీలు తిప్పుతున్నాను. ఎవరేమన్నా నీ లోపలి గొంతునే నమ్ముకో అని చెప్పే చోట, అంచున పెన్సిలు రాత కనబడింది. తెలుగులో, గుండ్రటి అక్షరాలు: "లోపల రెండు గొంతులుంటే?"

రిజిస్టరులో చూసిన రాత ఇంగ్లీషు, కోణాలు కోణాలుగా ఉంది. ఇది ఆయనది కాదు, దుమ్ము దులిపే ఆమెదే.

నాలుగూ నలభైకి ఇల్లు చేరాను. యాదమ్మ గడపలోనే కూర్చుంది, ఒళ్లో మీ అమ్మ నిద్రపోతోంది.

"గిదేనా నీ నాలుగు?"

"ఎలా ఉంది?"

"చెమట పట్టి జరం దిగింది. ఇగ నీకెక్కినట్టుంది, మొకం సూస్కో."

మర్నాడు పరీక్షలో ఆ వాదం మీదే ప్రశ్న వచ్చింది. పుస్తకం చెప్పింది రాసి, చివర ఆ పెన్సిలు మాట కూడా నా సందేహంగా రాశాను. పాసయ్యాను. పోస్టు నిలిచింది.

ఫలితాలు వచ్చాక పాపను ఎత్తుకుని పుస్తకం తిరిగివ్వడానికి వెళ్లాను. ఇంటికి తాళం. "కొడుకు దగ్గరికి పోయిన్రు, ఏ ఊరో ఏమో," అంది ఎదురింటావిడ. తిరుగు బస్సులో పాపా పుస్తకమూ రెండూ ఒళ్లోనే ఉన్నాయి, ఏ తొందరా లేదు. అయినా ఆ దారిలో ఎప్పుడు బస్సెక్కినా మెట్టు దగ్గర నా కాలు ఒక్క క్షణం ఆగుతుంది, ఇప్పటికీ.

ఆ పుస్తకం నీకు పంపుతున్నానమ్మా, అట్టతోనే. చదివేది అందులో చాలా ఉంది. ఆ నాచారం ఆమెను అడగాలనుకున్నది మాత్రం లేదు. ఆ మాట రాసిన రోజు ఆమె ఏ మెట్టు మీద నిలబడి ఉంది? కాలు పైకి పెట్టిందా, కిందికి దించిందా?