ఈలకీ పేలుడుకీ మధ్య

సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు ఒక మాట తప్పకుండా అంటారు. "ఊరు కాని ఊరు వచ్చి, ఒంటరితనంలోంచి, గుండెలోతుల్లోని బాధలోంచి కలం పట్టారు" అని. మైకు నా చేతికి రాగానే నేను మొదట చేసే పని ఆ మాటను కొట్టిపారేయడం. నాకు ఒంటరితనం ఎక్కడిదండీ? కింద ఇంటావిడ, వీధిలో నీళ్ళ దగ్గర కొట్లాడుకునే ఆడవాళ్ళు, ఇంట్లో పూటపూటా కాఫీ అడిగే మొగుడు. ఒంటరితనమే దొరికి ఉంటే హాయిగా పడుకుని నిద్రపోయేదాన్ని. ఇక బాధ అంటారా, పన్ను సలిపితే ఎవరూ కథ రాయరు, డాక్టరు దగ్గరికి వెళ్తారు.

మావారు చెప్పేది ఇంకో రకం. ఆఫీసులో తీసేసిన టేకుబల్లను ఆయన మోయించుకొచ్చి కిటికీ పక్కన వేయించారట, అందువల్ల నేను రచయిత్రినయ్యానట. ఆ బల్ల మీద నేను కథలు రాసింది తక్కువ, బియ్యంలో రాళ్ళు ఏరింది ఎక్కువ.

నాకు రాయడం వచ్చింది బండలు పేల్చే చోట. ఈలకీ పేలుడుకీ మధ్య, ఎవరూ నోరు మెదపకూడని ఆ కాస్త సేపట్లో.

తొంభైల చివర్లో మావారికి హైదరాబాదు బదిలీ అయితే, గాలీ వెలుతురూ ఉంటాయని మాదాపూర్ దాటాక ఒక మేడమీది వాటా అద్దెకు తీసుకున్నాం. హైటెక్ సిటీ అన్న మాట పేపర్లో కనిపించేది గానీ, మా వీధిలో ఎవరి నోటా వినిపించేది కాదు. వాళ్ళకు అది 'గుట్ట కాడ పని', అంతే. ఇంటి వెనక గుట్ట. ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న పెద్దపెద్ద బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఎవరు పేర్చారో, ఎందుకు పడిపోవో తెలియక మొదట్లో వంటింటి కిటికీలోంచి నోరు తెరుచుకుని చూస్తూ ఉండేదాన్ని. చూస్తూండగానే వాటిని పేల్చడం మొదలైంది.

పేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక మనిషి రేకుడబ్బా కొట్టుకుంటూ వీధిలో తిరిగేవాడు. గుట్ట వైపు ఇళ్ళవాళ్ళంతా బయటికి వచ్చి రోడ్డుకు అవతల, సిమెంటు నీళ్ళట్యాంకు కింద నీడలో కూర్చోవాలి. పనివాళ్ళు బండల్లో తొలిచిన బొక్కల్లో మందు తూటాలు కూరడం పూర్తయ్యేదాకా అక్కడే. అది కాసేపట్లో అయిపోవచ్చు, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా కాకపోవచ్చు. అంతా సిద్ధమయ్యాక ఎర్రజెండా లేస్తుంది, ఈల పడుతుంది. ఇక అక్కణ్ణించి ఎవరూ మాట్లాడకూడదు. అటువైపు కాపలా మనిషి వేసే కేక ఇటువైపు మనిషికి వినిపించాలి కదా. తర్వాత పేలుడు. దుమ్ము అణిగాక రెండో ఈల. ఇళ్ళకు పోవచ్చు.

నేను మొదట్లో అక్కడికి వెళ్ళింది కొట్లాటకే. వంటింటి గోడ బీటలిచ్చింది, ఎవరు బాగుచేయిస్తారని సూపర్‌వైజరును నిలదీశాను. అతను "చూద్దామండి" అన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగాను. మళ్ళీ చూద్దామన్నాడు. కింద ఇంటావిడ నా కొంగు పట్టుకుని లాగింది.

"కూసో చెల్లె. గోడ నాది. నాకు లేని పరేషాన్ నీకెందుకు? బండ ఆగుతదా నువ్వు ఒర్రితే?"

మేముండే ఇల్లు ఆవిడదే, పుట్టిపెరిగిన ఊరూ అదే. నాకన్నా కొంచెం పెద్ద. మనిషి లావు, నోరు ఇంకా లావు. నాకు తగ్గ ఉజ్జీ. ట్యాంకు కింద ఆడవాళ్ళందరూ ఆవిడ చుట్టూ చేరేవాళ్ళు. ఆవిడ చెప్పేవి దేవుళ్ళ కథలు కావు, రాజుల కథలు కావు. ఎవరి కోడలు ఎవరినేమన్నది, పెళ్ళిలో పప్పు ఎట్లా మాడింది, అవే. ఏదో ఒకచోట ఈల పడేది. మాట ఆగిపోయేది. అందరం గుట్టకేసి తిరిగి చెవులు మూసుకునేవాళ్ళం. కాళ్ళ కింద నేల ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు లేచేది. ఆ తర్వాత చప్పుడు, ఆ తర్వాత దుమ్ము. ఆ దుమ్ములోంచి, ఇంకా మనిషికి మనిషి కనబడకముందే, ఎవరో ఒకరు అడిగేవాళ్ళు:

"ఇగ? ఏమన్నది మరి?"

ఒక గుట్ట సగం కూలింది. వాళ్ళకు కావలసింది ఆ కోడలు ఏమన్నదో! నేనప్పటికే వారపత్రికలకు కథలు పంపుతున్నాను. తిరుగుటపాకు స్టాంపులంటించిన కవరు జతచేసి మరీ పంపేదాన్ని. ఆ కవరే భద్రంగా తిరిగి వచ్చేది. ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నామని ఒక అచ్చు చీటీ. సంపాదకులకు తెలివి లేదని నాకు గట్టి నమ్మకం. సరే, ఇక్కడ తేల్చుకుందామనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఎమ్మే తెలుగు. కోడలి పప్పు కన్నా నా కథ తీసిపోతుందా? నాకు కావలసింది పత్రిక వాళ్ళ చీటీ కాదు, దుమ్ములోంచి ఒక్క గొంతు. ఒక్క 'ఇగ?'

ఒక మధ్యాహ్నం కథ పట్టుకెళ్ళి చదివాను. బుద్ధిగా విన్నారు. ఒకావిడ పక్కావిడ తలలో పేలు చూస్తూ వింది. అనాథ ఆడపిల్ల ఉత్తరం అందుకునే చోట ఈల పడింది. చెవులు మూసుకున్నాను. పేలింది. దుమ్ము లేచింది. కళ్ళు నులుముకుంటూ కాచుకుని కూర్చున్నాను.

రెండో ఈల పడింది. అందరూ లేచి చీరలు దులుపుకుని ఇళ్ళకు పోయారు.

"ఎందుకు అడగలేదు?" అని ఇంటావిడ మీద పడ్డాను.

"ఏం అడగాలె?"

"ఆ ఉత్తరంలో ఏముందని."

"ఏముంటది, మంచి కబురే ఉంటది. పొద్దు పొడిసింది, పువ్వులు పూసినయ్, పిట్టలు కూసినయ్ అని సగం సేపు చదివితివి. గన్ని పువ్వులు పూయించినోళ్ళు పిల్లకు చెడు చేస్తరా?"

"మీకు సాహిత్యం తెలీదు."

"నాకు తెల్వది. నీకు తెల్సు. మరి నన్నెందుకు అడుగుతున్నవ్?"

ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. మావారు బల్ల తుడిచిపెట్టారు.

నాకు ఒక అనుమానం పట్టుకుంది. ఈవిడ మోసం చేస్తోంది. ఎప్పుడూ గుట్ట వైపు ముఖం పెట్టి కూర్చుంటుంది, వినేవాళ్ళ వీపులు గుట్టకు ఉంటాయి. జెండా లేవడం ఆవిడ ఒక్కతే ముందుగా చూస్తుంది, చూసి కథను సరిగ్గా అంచు మీదికి తెచ్చి ఆపుతుంది. ఇంతే కిటుకు! బయటపెట్టాలని, మర్నాడు అందరికన్నా ముందే వెళ్ళి ఆవిడ చోట్లో నేను చాపేసుకు కూర్చున్నాను. ఆవిడ నన్నూ చాపనూ చూసి, "ఓహో, ఇయ్యాల దర్బారు నీదా" అని నవ్వి, గుట్టకు వీపు పెట్టి ఎదురుగా కూర్చుంది.

నేను జెండా మనిషిని కళ్ళార్పకుండా చూస్తూ ఉన్నాను. ఆవిడ చెబుతూనే ఉంది. జెండా లేచింది. ఆవిడకు తెలియదు. ఈల పడింది. మాట మధ్యలో తెగింది. పేలుడు. దుమ్ము. ఆ దుమ్ములో "ఇగ?" అన్న గొంతు ఈసారి నాదే.

అప్పుడు తెలిసింది. ఆవిడ అంచు చూసుకుని ఆపడం లేదు. ఈల ఎక్కడైనా పడనీ, అక్కడే అంచు. ఆ కథను ఏ మాట దగ్గర కోసినా నెత్తురు వస్తుంది. ఎమ్మేలో నాకు ఇది ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదేమో. ఇంటికొచ్చి నా కథ తీసి, ఇక్కడ ఈల పడితే ఎవరైనా అడుగుతారా, ఇక్కడ పడితే అడుగుతారా అని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పోయాను. మొదటి పేజీ మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. సూర్యుడు, పువ్వులు, పిట్టలు, అన్నీ పోయాయి. ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇంత చేయాలా అని.

ఆ తర్వాత నుంచి నేను ట్యాంకు కిందికి వినడానికే వెళ్ళాను. ఆవిడ అప్పుడు తన మేనత్త కథ చెబుతోంది. గోపన్‌పల్లిలో ఆ మేనత్తా మామా ఏదో పంతం వచ్చి మాట్లాడుకోవడం మానేశారట. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేశారు. మాట మాత్రం లేదు. ఏం చెప్పుకోవాలన్నా బర్రెతో చెప్పేవాళ్ళు.

"'ఏమే, మీ అయ్యకు చెప్పు, రొట్టె సల్లారుతున్నదని' అంటదంట మా అత్త. మామ బర్రె కాడికొచ్చి, 'ఏమే, మీ అవ్వకు చెప్పు, నాకు ఆకలైతలేదని' అంటడంట. బర్రె ఇటు జూస్తది, అటు జూస్తది, గడ్డి మేస్తది."

ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. నేను ఊరుకుంటానా?

"నిన్న తమ్ముడి పెళ్ళి దగ్గర గొడవన్నారు, ఇవాళ బోనాల పండగ అంటున్నారు. ఏది నిజం?"

"కొట్లాట యాదికుంటది గని, ఎందుకైందో ఎవరికి యాదికుంటది చెల్లె? మొన్న నువ్వు నీ మొగనితోని కొట్లాడితివి. ఎందుకు?"

మళ్ళీ నవ్వారు, ఈసారి నన్ను చూసి.

కథ చాలా రోజులు నడిచింది. బర్రె ముసలిదైంది. ఇద్దరూ పోటీపడి దానికి సేవ చేశారట. అదీ పోతే ఇంట్లో మాట పోతుందని ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి కూడా బర్రెకే చెప్పుకున్నారట, విడివిడిగా. అది విన్న రోజు ఎవరూ నవ్వలేదు.

ఒకనాడు చెప్పింది. "తెల్లారి మా అత్త పాల తపేలా పట్టుకొని కొట్టంలకు పోయింది. బర్రె లేస్తలేదు. ముట్టి జూసింది. సల్లగైంది. గట్లనే కింద కూలబడ్డది. ఎంతసేపు కూసున్నదో. మామ వచ్చి గడప కాడ నిలవడ్డడు. బర్రెను జూసిండు. ఇగ ఎవరితోని చెప్తడు? మా అత్త తలకాయ ఎత్తింది. ఇన్నేండ్లకు ఆయన మొకం దిక్కు సక్కగ జూసింది. నోరు తెరిచి..."

ఈల.

ఆ రోజు పేల్చేది గుట్టకు మిగిలిన ఆఖరి పెద్దబండను. మా కిటికీకి ఎదురుగా ఏళ్ళ తరబడి కాదు, యుగాల తరబడి కూర్చున్నది. పగలడం కళ్ళారా చూడాలని నేను ముందు రోజే అనుకున్నాను. నేల లేచింది. చెవులు దిబ్బడలు పడ్డాయి. అప్పుడు నా చుట్టూ ఏం కనిపించిందో చెబుతాను. ఒక్కరూ గుట్ట వైపు చూడటం లేదు. అందరూ చెవులు మూసుకుని, ఆ దుమ్ములో, తెరిచిన ఆవిడ నోటికేసి చూస్తున్నారు. ఆకాశం కింద అంత పెద్ద రాయి బద్దలైతే, చచ్చిపోయిన ఒక బర్రె పక్కన ఒక ఆడమనిషి ఏమందో అని అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. నేను కూడా. అంత పెద్ద బండ పగలడం నేను చూడనే లేదు.

"ఇగ? ఏమన్నది?" ఒకేసారి అందరూ.

రెండో ఈల వేసి జెండా మనిషి ఇటు నడిచి వచ్చాడు. "ఇయ్యాల్టితోని అయిపోయిందమ్మా. రేపటి సంది డబ్బా కొట్టం. మీ ఇండ్లల్లనే ఉండున్రి."

ఇంటావిడ లేచి కొంగు దులుపుకుంది. అందరూ ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. మెట్ల దగ్గర నేను దారికి అడ్డం నిలబడ్డాను.

"చెప్పకుండా లోపలికి పోనివ్వను."

"నువ్వు రాసెటిదానివి గదా. నువ్వే చెప్పు."

"అది మీ అత్త కథ. నేనెట్లా చెబుతాను?"

"ఇచ్చిన తీస్కో. చేతనైతే చెప్పు, లేకుంటే ఊకో."

ఎంత పొగరు! ఆ పొగరుకే రాశాను. ఎన్ని చిత్తుప్రతులు చించానో. మేనత్త నోట ఏడుపు పెట్టాను, బాగోలేదు. తిట్టు పెట్టాను, కాసేపు బాగుండి తర్వాత బాగోలేదు. చివరికి నాకు తోచిన ఒక మాట పెట్టి, ట్యాంకు కిందికి అందరినీ పిలిచాను. పేలుళ్ళు లేవు గనక ఈల నేనే వేసుకోవాలి. బర్రె చల్లబడిన చోటికి రాకముందే, ఎక్కడో మధ్యలో, మామ ఒంటరిగా దానికి నీళ్ళు పెట్టే చోట కాగితం దించి చెంబెత్తి మంచినీళ్ళు తాగాను. నెమ్మదిగా. వాళ్ళకు ఈ కథ తెలుసు. విన్నదే. అడగాల్సిన అవసరమే లేదు.

"ఇగ? తాగింది సాలు, జెప్పు!" ఒక గొంతు గద్దించింది.

ఇంటావిడది.

కాగితం మీద అక్షరాలు కాసేపు కనబడలేదు. చివరిదాకా చదివాను. నేను రాసిన ఆఖరి మాట విని ఆవిడ గుట్ట ఉండిన ఖాళీ వైపు తిరిగింది. తర్వాత అంది, "మంచిగుంది చెల్లె. గని గట్ల కాలే."

ఆ కథను ఒక వారపత్రిక వేసుకుంది. నేను జతచేసిన కవరు మొదటిసారి తిరిగి రాలేదు. ఇంటావిడ వాళ్ళు ఆ ఇల్లు అమ్మేసి కోకాపేట వైపు వెళ్ళిపోయారు. మా పాత ఇంటి స్థలంలో ఇప్పుడు అద్దాల మేడ ఉంది. అచ్చయిన ప్రతి కథా ఆవిడకు ఫోనులో చదివి వినిపిస్తాను. కావాలని మధ్యలో ఆగుతాను. "ఇగ?" అంటుంది. ఎక్కడో ఒకచోట అనదు, అక్కడ పెన్సిలు గీత పెట్టుకుంటాను. ఫోను పెట్టేసే ముందు నేనూ ఒకటి అడుగుతాను. ప్రతిసారీ నవ్వి, "బువ్వకు టైమైంది" అంటుంది.

చచ్చిన బర్రె పక్కన కూర్చుని, అన్నేళ్ళ తర్వాత మొగుడి ముఖంలోకి చూసి, నోరు తెరిచి, ఆ మేనత్త ఏమంది?