కొత్త చెప్పులు

మాది కొత్తపేట. ఇంట్లో ఏ వస్తువైనా రెండుంటే మా అత్తమ్మ ఒకటి ఎవరికో ఇచ్చేస్తుంది. "రెండోది మనది కాదు బిడ్డా, ప్రభువు మన దగ్గర దాచిపెట్టిండు" అంటుంది. మా ఆరేళ్ల పాప ఈ మాట వింటూనే పెరిగింది.

పోయిన వేసవిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి బయటికొస్తే, దిల్‌సుఖ్‌నగర్‌లో ముచ్చటపడి కొనుక్కున్న నా కొత్త చెప్పులు లేవు. "చర్చి దగ్గర కూడా దొంగలేనా?" అని గట్టిగానే అన్నాను. అందరూ నావైపు తిరిగారు.

నాకంటే ముందే బయటికొచ్చిన పాప నా కొంగు లాగింది. "నేనే ఇచ్చిన మమ్మీ. ముంజలమ్మే ఆంటీకి కాళ్లు కాలుతున్నయి. నీకు ఇంట్ల ఇంకో జత ఉన్నది కద."

గేటు పక్కన ముంజల గంప ముందు కూర్చున్నామె నా మాట విని, గబగబా చెప్పులు విప్పబోయింది. సిగ్గుతో తల దించుకున్నాను. "ఉంచుకో అమ్మా, నీయే" అన్నాను. అత్తమ్మ తన చెప్పులు నా ముందుకు జరిపి, కాలే రోడ్డు మీద నడక మొదలుపెట్టింది. పరుగున వెళ్లి ఆమెను ఆటో ఎక్కించాను.

ఇప్పుడు చర్చికి నా జతల్లో మంచివే వేసుకెళ్తున్నాను. పాప ఎప్పుడు ఎవరికిస్తుందో తెలియదు, ఇచ్చేవి బాగుండాలి కదా.