ఓబులన్న రోడ్డు పక్కన కూర్చున్న రోజు

మొన్న గార్లదిన్నె దగ్గర బోరు వేయిస్తుంటే, దుమ్ము చిమ్ముతున్న గొట్టంలోంచి ఉన్నట్టుండి తడి వాసన వచ్చింది. నీళ్ళకంటే ముందు ఆ వాసనే వస్తుంది. కాగిన బండ మీద చినుకులు పడినట్లుంటుంది. దాన్ని పసిగట్టడం నాకు నేర్పినవాడు ఓబులన్న. ఆయన పోయి చాలా కాలమైంది.

డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క, నేను ఆయన బోరుబండి మీద సూపర్‌వైజరుగా చేరాను. ఇంట్లో అందరూ వద్దన్నారు. ఒకప్పుడు ఆయన ఒక నాయకుడి మనిషి. కొడవలి పట్టాడు, బాంబులు విసిరాడు, జైలుకు పోయివచ్చాడు. నేను చేరేనాటికి మాత్రం డీజిల్ మరకల లుంగీలో, ఎవరు కేకేసినా "వస్తాండానప్పా" అనే పొట్టి మనిషి. పాత నాయకుడి మనుషులు జీపులో వచ్చి రమ్మని అడిగితే టీ తాగించి పంపేసేవాడు.

"జైల్లో మారినావా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"యాడప్పా! ఆడ ఇంకా ముదిరినా. ఇంటికొస్తే మా పాప నన్ను చూసి మంచం కిందికి దూరింది. ఎంత పిలిచినా రాలేదు. ఆ పొద్దే ఇడిసిపెట్టినా."

అని మళ్ళీ బండి పనిలో పడ్డాడు.

ఒక ఎండాకాలం కొత్తచెరువు అవతల ఒక పల్లెనుంచి పిలుపు వచ్చింది. నాగమ్మ అనే ఆమె మల్బరీ తోట ఎండిపోతోంది. షెడ్డులో పట్టుపురుగులు ఉన్నాయి. ఆకు లేకపోతే చచ్చిపోతాయి. ఆ పల్లె పేరు వినగానే ఓబులన్న దాన్ని ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత తానే బండెక్కాడు. నాగమ్మ భర్తను చంపిన గుంపులో ఆయన కూడా ఉన్నాడని నాకు దారిలోనే చెప్పాడు.

తోట గట్టున గెనం మీద నిలబడిన నాగమ్మ ఆయన్ను చూసిన వెంటనే గుర్తుపట్టింది. అరవలేదు. "నీ చేతి నీళ్ళు మాకొద్దు. బండి తీసుకొని పో," అంది.

"బండి ఈ పిల్లోళ్ళది అనుకోమ్మా. ఉండనీ. నేను పోతా," అన్నాడు ఓబులన్న.

ఆమె తోటవైపు చూసింది. పురుగుల షెడ్డువైపు చూసింది. చివరికి పక్కకు జరిగింది. ఆయన నా చేతికి తాళాలిచ్చి, "నీళ్ళు పడేదాకా ఆపొద్దు," అని చెప్పి నడుచుకుంటూ పోయి రోడ్డు పక్కన కంపచెట్టు నీడలో కూర్చున్నాడు. మధ్యాహ్నం నాగమ్మ మాకందరికీ సంగటి పెట్టింది. ఆయనకు పంపలేదు. నేను పట్టుకుపోతానంటే, "ఆయమ్మ పెట్టింది మీకు," అని తినలేదు. పొద్దు వాలే వేళకు నీళ్ళు పడ్డాయి. పల్లె జనమంతా వచ్చి తడుస్తూ కేకలేశారు. ఆయన కూర్చున్నచోటనుంచి లేవలేదు.

తిరుగుదారిలో ఉండబట్టలేక అన్నాను: "ఒక్కసారి పోయి తప్పైపోయిందని అడగాల్సిందన్నా. మెత్తబడేదేమో."

"అడిగితే ఆయమ్మ నెత్తిన ఇంకో పని పెట్టినట్ల గదప్పా," అన్నాడు. "నన్ను మన్నించే పని. ఇప్పుడు మోసేది సాలదా ఆమెకు?"

ఆయన చనిపోయినప్పుడు, ఆ దారిన పోతూ ఆగి నాగమ్మకు చెప్పాను. తోట పచ్చగా ఉంది. ఆమె ఆకు కోస్తోంది. "పోయినాడా," అంది. కోసిన ఆకు గంపలో వేసి, "మీరు ఎండలో వచ్చినారు, మజ్జిగ తాగిపోండి," అంది. తాగాను.

ఓబులన్న మంచివాడయ్యాడో లేదో తేల్చడం నా పని కాదు. నాగమ్మను అడిగితే కాలేదనే అంటుంది, ఆమె మాట కాదనలేను. నా జీవితంలోనూ నావల్ల నొచ్చుకున్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ గడప తొక్కి మన్నించమని అడగాలని మనసు పీకినప్పుడు, ముందు అక్కడ నేను చేయగల పని ఏముందో చూస్తాను. అది చేసేసి, వాళ్ళు పొమ్మనకముందే దూరంగా వచ్చేస్తాను.