మాస్టారి మెదడు, నా పచ్చగీత

మనిషి మెదడును కళ్ళారా చూస్తూ కూడా ఎంత ఘనంగా బోల్తా పడవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. పక్షవాతం వచ్చినవాళ్ళ కోసం మా డాక్టరుగారు ఓ మిషన్ తెప్పించారు. తలకి వైర్ల టోపీ పెట్టి, పడిపోయిన చెయ్యి కదుపుతున్నట్టు ఊహించుకోమనాలి. మెదడు ఆ ప్రయత్నం చేస్తే కంప్యూటర్ తెరమీద పచ్చగీత లేస్తుంది. అది చూసుకుంటూ రోగి మళ్ళీ మళ్ళీ సాధన చెయ్యాలి. ఆ మిషన్ నాకు అప్పగించారు. ఇక నా నడకే మారిపోయింది.

కొవ్వూరు నుంచి వచ్చే ఓ రిటైరైన లెక్కల మాస్టారికి కుడిచెయ్యి పడిపోయింది. భార్య చెంచాతో తినిపిస్తుంటే ఆయనకి ప్రాణం చచ్చిపోయేది. తన చేత్తో ఆవకాయ అన్నం కలుపుకోవాలి, అదొక్కటే ఆయన కోరిక.

"పిడికిలి బిగిస్తున్నట్టు గట్టిగా అనుకోండి మాస్టారండి" అన్నాను. గీత తెర పైఅంచుకి తగిలింది. మర్నాడూ అంతే. చెయ్యి మాత్రం ఒళ్ళో కదలకుండా పడి ఉంది. అలాంటి చిల్లర విషయాలు పట్టించుకునే స్థాయి నేను దాటిపోయాను.

"అమ్మగారండి, వారం తిరిగేసరికి అన్నం ఆయనే కలుపుకుంటారు" అని మాటిచ్చేశాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వార్డంతా పూతరేకులు పంచారు. సిగ్గులేకుండా నేనూ తిన్నాను.

ఆ ఊపులో డాక్టరుగారిని పిలిచి నా ఘనకార్యం చూపించాను. ఆయన గీతని చూడలేదు. మాస్టారి దవడని చూశారు.

"ఓసారి నోరు తెరవండి మాస్టారూ."

తెరిచారు. బుగ్గన వక్కపలుకు. దాన్ని కొరికినప్పుడల్లా దవడ కండరాల కరెంటు గీతను పైకి లేపుతోంది. అంటే రెండ్రోజులుగా నేను వైద్యం చేసింది వక్కకి.

"ఏంటండీ ఇది?" అన్నాను నీరసంగా.

"గట్టిగా అనుకోమన్నావు కదయ్యా. పళ్ళు బిగించకుండా గట్టిగా ఎలా అనుకుంటారు?" అన్నారు మాస్టారు.

నేను తలొంచుకుని టోపీ విప్పేశాను. ఆవిడ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. పాపం, ఆవిడ కోపమంతా ఆయన ఒళ్ళో ఉన్న వక్కల డబ్బా మీదికి మళ్ళింది. "ఇలా ఇవ్వండి ముందు" అంటూ లాగారు. డబ్బా రాలేదు. ఆయన కుడిచేతి వేళ్ళు దాన్ని పట్టుకుని ఉన్నాయి.

మాస్టారు ఆ వేళ్ళు ఎవరివో అన్నట్టు చూశారు. ఆవిడ వదల్లేదు, ఆయనా వదల్లేదు. ఇద్దరికీ ఏడుపు ఆగలేదు. నాకూ ఆగలేదు.

"రేపట్నుంచి ఆ డబ్బా ఆవిడ చేత రోజూ లాగించు. నీ పచ్చగీత పక్కన పెట్టు" అన్నారు డాక్టరుగారు.

ఆ సాయంత్రమే గోదారి సాక్షిగా ప్రమాణం చేశాను. నోరు తెరిపించి చూడనిదే ఇక ఎవరి మెదడునీ పొగడను. ముఖ్యంగా నాది.